ఏ తల్లివి వచ్చినవమ్మా?

ఆషాఢం ప్రవేశించగానే ఆదివారం అనుబంధాలన్నిటికీ ముఖచిత్రం ముందే సిద్ధమై ఉంటుంది: పోతురాజు కొరడా, నెత్తిన బోనం, చేత వేపమండ, జుట్టు విరబోసుకుని ఊగుతున్న ఒక శివసత్తి. ఈ మారు మా సంపాదకులు ఆ చిత్రాన్నే ఎంచుకున్నారు గాని, దాని వెనుక వేరొక ప్రశ్న నిలిపారు. ఒకే దేహంలో ఒకరికి మించిన మనుషులు కాపురముండడం ఎటువంటి అనుభవమో విచారించి, గురువారం సాయంత్రంలోగా కథనం అందించవలెనన్నారు. నగరంలో కాక విమానాశ్రయపు పొలిమేరలో వెతకమని పాల్మాకుల పేరు చెప్పినవారు కూడా వారే.

శంషాబాదు దాటి బెంగుళూరు రహదారిని అంటిపెట్టుకుని ఉన్న గ్రామమిది. 2008 మార్చిలో దాదాపు 5,500 ఎకరాల మేర విమానాశ్రయం తెరుచుకున్న నాటినుండి ఈ ప్రాంతపు పొలంగట్లు వెంచర్ల హద్దురాళ్ళయినవి. చేరువనే ఉన్న ముచ్చింతలలో 2022 ఫిబ్రవరిలో 216 అడుగుల రామానుజుల విగ్రహం ఆవిష్కృతమైన పిదప యాత్రికుల వాహనాలు సైతం ఇటు మళ్ళినవి. అయినను ఆషాఢ శ్రావణాలలో ఇక్కడి పల్లెలలో డప్పు మోగక మానదు, పోచమ్మ ముందట ఎవరో ఒకరికి సిగం, అనగా దేవత ఆవేశం, రాక మానదు.

చరిత్ర క్లుప్తంగా చెప్పి ముందుకు పోతాను. 1813లో జంటనగరాలలో మహమ్మారి చెలరేగినపుడు, ఉజ్జయినిలో ఉన్న ఇక్కడి సైనికులు మహంకాళికి మొక్కుకుని, తిరిగివచ్చి 1815లో సికింద్రాబాదున అమ్మవారిని ప్రతిష్ఠించారని చెప్పుకుంటారు. బోనాల మరునాడు పచ్చికుండమీద నిలిచిన స్త్రీ నోట భవిష్యవాణి పలికే రంగం అక్కడ ప్రసిద్ధమైనది. 2014లో బోనాలు తెలంగాణ రాష్ట్ర పండుగయినవి. ఆవలి ఖండంలో, ఫ్రాన్సున, మనస్తత్వవేత్త పియేర్ జానే 1889లో మనస్సు చీలికలను గూర్చి గ్రంథం వెలువరించాడు; 1957లో ‘త్రీ ఫేసెస్ ఆఫ్ ఈవ్’ చిత్రమూ, 1973లో ‘సిబిల్’ పుస్తకమూ అమెరికా జనాన్ని కదిలించినవి; అక్కడి మనోవైద్యుల పట్టికలో 1980లో బహుళ వ్యక్తిత్వమన్న శీర్షిక చేరి, 1994లో విచ్ఛిన్న వ్యక్తిత్వ రుగ్మతగా పేరు మార్చుకున్నది.

పోగుచేసిన కాగితాలలో నన్ను పట్టుకుని వదలనిది ఒక్కటే: 2022 జనవరినుండి అమలులోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థవారి వ్యాధుల వర్గీకరణ, పదకొండవ కూర్పు. అందులో ఆవేశస్థితికి ప్రత్యేకంగా ఒక శీర్షిక కలదు. మనిషికి అలవాటైన ‘నేను’ తొలగి, ఆ పీఠంమీద వెలుపలినుండి వచ్చిన దేవతయో, ఆత్మయో, మరొక శక్తియో కూర్చుని మాటనూ నడకనూ తన వశం చేసుకున్నట్లు అనుభవం కావడం దాని లక్షణం. అయితే ఆ శీర్షిక కింద ఒకరిని చేర్చడానికి షరతులున్నవి. ఆ స్థితి అసంకల్పితంగా రావలెను. అనుభవించేవారికి అది అవాంఛితమై ఉండవలెను. నలుగురూ కలిసి ఆచరించే సంస్కృతిలో గాని మతంలో గాని దానికి అంగీకారం లేకుండా ఉండవలెను. దానివలన ఆ మనిషి తీవ్రమైన వేదనకో, ఇల్లూ ఉద్యోగమూ నడుపుకోలేని అశక్తతకో లోను కావలెను. అమెరికావారి 2013 నాటి పట్టిక సైతం, ఒంట్లో వేరు వ్యక్తులున్న అనుభవాన్ని కొన్ని సంస్కృతులవారు ఆవేశమని వర్ణిస్తారని ఒప్పుకుంటూనే, విస్తృతంగా ఆమోదం పొందిన ఆచారంలో అది సహజభాగమైతే రుగ్మత అనరాదన్నది.

ఆ మూడవ షరతు ఎన్ని మార్లు చదివినా నాకు విస్మయం తీరలేదు. ఊరంతా ఒప్పుకున్నంత మాత్రాన క్షయ క్షయ కాకుండా పోదు. ఇక్కడ మాత్రం రోగమా కాదా అన్న నిర్ణయంలో ఆ ఒంటిచుట్టూ నిలిచిన మనుషులకు వాటా ఉన్నది. ఆదివారంనాడు పోచమ్మ గుడిముందు ఊగిన స్త్రీ భక్తురాలు. ఆమెయే మంగళవారం రాత్రి, పొరుగువారి పేరైనా ఎరుగని అపార్టుమెంటు నాలుగో అంతస్తులో, తన ఇష్టంతో పనిలేకుండా, భయంతో, బాధతో అదే విధంగా ఊగితే రోగి కావచ్చును. దీనిని వైద్యశాస్త్రపు దౌర్బల్యంగా ఎంచేవారుందురు గాక. నేను దీనిని వివేకమనుకుంటున్నాను, ఏలయనగా సమూహమన్నది ఇటువంటి వేళ నిజంగా ఒక పని చేస్తుంది, ఆ పని జరిగిన చోట వేదన తగ్గుతుంది. ఆ పని ఏదో దగ్గరనుండి చూడవలెను.

పాల్మాకులలో గుడిముందు డప్పు దరువు వేగం హెచ్చింది. బోనమెత్తిన ఆమె మోకాళ్ళలో మొదట వణకు కనబడింది. పక్కనున్న ఆడవారు బోనం అందుకుని, కొప్పు విప్పి, చేతికి వేపమండలిచ్చారు. ఇంకా యూనిఫాం విడువని ఒక అమ్మాయి, విమానాశ్రయంలో ఉద్యోగమట, మెడలోని ఐడీ కార్డును వీపుమీదికి తోసుకుని, తనకు పెద్దమ్మ అయిన ఆ స్త్రీ నడుమును వెనుకనుండి రెండు చేతులా చుట్టి, ఆమె ఎటు తూలితే అటు తానూ అడుగు వేస్తూ, పడనీయకుండా కాచుకున్నది. అప్పుడొక ముసలామె ఎదుటికి వచ్చి చేతులు జోడించింది.

“ఏ తల్లివి వచ్చినవమ్మా?”

“ఎల్లమ్మను.”

“ఏం తప్పు చేసినం తల్లీ? ఏం కావాలె?”

“మరిచిండ్రు. నా గుడి ముందట లారీలు పెడ్తుండ్రు. నేనెట్ల కూసోవాలె?”

“తప్పయింది తల్లీ. జాగ ఖాళీ చేపిస్తం, శాక పోస్తం. పిల్లలను సల్లగ చూడు.”

అమ్మవారికి ధారగా అర్పించే శాక పోశారు, కర్పూరహారతి చూపారు, ముఖాన నీళ్ళు చల్లారు. ఆమె చతికిలబడి, కొంతసేపటికి మంచినీళ్ళడిగి తాగి, కొంగు సర్దుకుని, తన బోనమెక్కడ పెట్టారని వెతుక్కున్నది. తానేమన్నదో ఆమెను ఎవరూ ఎగతాళిగా అడగలేదు. లారీల సంగతి మాత్రం మగవారు వెంటనే మాట్లాడుకోసాగారు.

పీడితులైనవారు, ముఖ్యంగా స్త్రీలు, స్వయంగా పలుకలేని ఫిర్యాదును ఆవేశం నోట పలికిస్తారని మానవశాస్త్రజ్ఞుడు ఐ.ఎం. లూయిస్ 1971లో తన గ్రంథంలో ప్రతిపాదించాడు. అందులో సత్యమున్నది, లారీల మాటే సాక్ష్యం. కాని ఆ సిద్ధాంతంతో నేను తుదిదాకా నడువలేను. ఫిర్యాదు కొరకే వచ్చినదైతే ఆ అమ్మాయి నడుము పట్టుకోనక్కరలేదు, ముసలామె పేరు అడుగనక్కరలేదు. వచ్చినవారు ఎవరైనా సరే, వారికొక పేరున్నదనీ, అడగవలసినదొకటి ఉన్నదనీ, అది విన్న పిదప పోవడానికి దారి ఇవ్వవలెననీ ఆ గుడిముందు నిలిచినవారందరికీ తెలుసు. ఇక ఆ వచ్చిన దేవత కథ చూడుడు: పరశురాముడు తండ్రి ఆజ్ఞమేరకు తల్లి రేణుక శిరస్సుతోపాటు అడ్డువచ్చిన మాతంగి శిరస్సునూ ఖండించి, తిరిగి బ్రతికించే తొందరలో తలలు తారుమారు చేశాడని మన పల్లెలలో చెప్తారు. ఒకరి తల, ఒకరి మొండెం గల ఆమెనే ఎల్లమ్మగా కొలిచే జనానికి, ఒక ఒంట్లో ఇద్దరుండడం వినరాని వింతగా తోచకపోవడంలో ఆశ్చర్యమేమున్నది?

వ్యక్తిత్వాలు విడివడిన మనిషి స్థితి వేరు. అక్కడ వచ్చేవారు వెలుపలివారు కారు, లోపలి కాపురస్థులు. రెండో, అంతకు మించో వ్యక్తిత్వాలు మార్చి మార్చి దేహపు పగ్గాలు చేపడతవి; నడుమ కాలం జ్ఞాపకంలో నిలువదు. తాను కొన్నట్లు ఎరుగని చీర బీరువాలో కనబడుతుంది, తాను రాసినట్లు ఎరుగని చేవ్రాత తన పుస్తకంలో కనబడుతుంది. ఇటువంటివారిలో పెక్కుమంది బాల్యంలో పదేపదే భరింపరాని హింసకు గురైనవారని వైద్యులు చెప్తారు. చికిత్సకుల సూచనలూ సినిమాలూ దీనికి కారణమనే పక్షమూ ఉన్నది, ఆ వాదం ఇంకా తెగలేదు. వారిలో కొందరు తమను ‘మేము’ అని చెప్పుకుంటారు. ఆ బహువచనాన్ని గౌరవించవలెనని నా అభిప్రాయం, ఏలయనగా ఆ లోపలివారిలో ఒకరు ఆరేళ్ళ పిల్ల కావచ్చును, ఆ పిల్ల మోసిన భయం మూలంగానే తక్కినవారు పెరిగి పెద్దవారై ఉండవచ్చును. మన దేశంలో ఈ రుగ్మత బహు అరుదుగా నమోదయినది. 1989లో అమెరికా మనోవైద్య పత్రికలో ముగ్గురు భారతీయ వైద్యులు ప్రకటించినవి మూడే మూడు కేసులు. మన వైద్యులు తరచుగా చూసేది ఆవేశమునే.

ఈ రుగ్మత చికిత్సకు 2011లో అంతర్జాతీయ నిపుణుల సంఘమొకటి వెలువరించిన మార్గదర్శకాలను చదివినపుడు నాకు పాల్మాకుల ముసలామె ఎదుట నిలిచినట్లయినది. ముందు భద్రత, పిదప గాయాన్ని మెల్లగా తడమడం, ఆపైన కలిసి బ్రతకడం నేర్వడం అన్నది వారి క్రమం. లోపలివారిలో ఏ ఒక్కరినీ శత్రువుగా చూడరాదు, తరిమివేయ జూడరాదు, ఒకరితో ఒకరికి మాట కలుపవలెను. అందరూ ఒక్కరుగా కలిసిపోవడం కొందరికి గమ్యం. పొత్తు కుదుర్చుకుని పలువురుగానే సాగడం మరికొందరి నిశ్చయం. అమ్మవారు హారతి పుచ్చుకుని వెళ్ళిపోతుంది, వీరు వెళ్ళరు. కాబట్టి వీరికి కావలసినది సాగనంపే మర్యాద కాదు, ఇంటివారితో నెరపే మర్యాద.

పల్లె చేసేదంతా మంచిదని నేననడంలేదు. దయ్యం పట్టిందని వేపబరికెలతో కొట్టి, మిరపపొగ పెట్టి, పేరు చెప్పమని హింసించే భూతవైద్యం కూడా ఈ నేలమీదే ఉన్నది. అక్కడ అడిగేదీ పేరే, కాని ఆ అడగడంలో చేతులు జోడించడం లేదు. ఆ హింసకు లోనైన పిల్లకు లోపల మరొకరు పుట్టినా ఆశ్చర్యం లేదు. అటువంటి ఇల్లు కంటబడినవారు బాధితులను హైదరాబాదు ఎర్రగడ్డలోని మానసిక వైద్యశాలకు తీసుకుపోవచ్చును. 2022 అక్టోబరునుండి పనిచేస్తున్న టెలీ మానస్ మానసిక ఆరోగ్య సహాయవాణి 14416 నంబరుకు ఏ వేళనైనా ఫోను చేయవచ్చును, తెలుగులో మాట్లాడవచ్చును.

వెండితెరమీద

2005లో రెండు తమిళ చిత్రాలు తెలుగులోకి వచ్చి ఈ విషయాన్ని ఇంటింటి ముచ్చట చేసినవి. ‘అపరిచితుడు’లో విక్రమ్ ఒకే ఒంట రామానుజం, రెమో, అపరిచితుడు అను ముగ్గురిని మోశాడు. ‘చంద్రముఖి’ మూలం 1993 నాటి మలయాళ ‘మణిచిత్రతాళు’. తమిళంలో జ్యోతిక పాత్రను చంద్రముఖి అను నర్తకి ఆవహించినపుడు ఆమె తెలుగు మాట్లాడుతుంది. ‘చంద్రముఖి’లో చివరకు లోపలి నర్తకిని తొలగించడమే చికిత్స కావడం నాకు నచ్చని సంగతి.

పరకాయమూ, పగటివేషమూ

మండనమిశ్రుని ఇల్లాలు ఉభయభారతి అడిగిన ప్రశ్నలకు బదులు తెలుసుకొనుటకై శంకరాచార్యులు అమరుక మహారాజు మృతదేహంలో ప్రవేశించగా, శిష్యులు గురువు దేహాన్ని గుహలో కాచి ఉన్నారని ఐతిహ్యం. కూచిపూడి పగటివేషాలలో అర్ధనారీశ్వర వేషం మిక్కిలి కష్టమైనది: ఒక పక్క మీసమూ విభూతీ, మరొక పక్క ముక్కెరా చీరకుచ్చెళ్ళూ ధరించిన నటుడు నడుమ తెరగుడ్డ అడ్డుపెట్టి, శివునివైపు తిరిగి మగగొంతుతోనూ, పార్వతివైపు తిరిగి ఆడగొంతుతోనూ తనకు తానే బదులు చెప్పుకోవలెను.