ముందు చక్రం బిగుసుకుంటోందా? పిస్టన్ చూసుకోండి

భీమవరం : సార్వా దమ్ములు మొదలైతే డెల్టా గ్రామాల్లో మోటారు సైకిళ్ళన్నీ ఒకే రంగులో కనిపిస్తాయి. ట్రాక్టర్లు చేలోంచి రోడ్డెక్కిన చోటల్లా బురదే. నర్సాపురం, మొగల్తూరు వైపు చెరువు గట్ల మీద తిరిగే బళ్ళకు దీనికి తోడు ఉప్పు నీరు, ఉప్పు గాలి. పైకి కనిపించే బురదను కాలవ రేవులో కడిగేస్తారు. ముందు చక్రం పక్కన డిస్కును పట్టుకుని ఉండే కాలిపర్ సందుల్లో చేరిన బురద మాత్రం అక్కడే ఎండి గట్టిపడుతుంది. కొన్నాళ్ళకు బండి బరువుగా లాగుతుంది. పెట్రోలు ఎక్కువ తాగుతుంది. ఇంజనులో లోపమేమోనని షెడ్డు చుట్టూ తిరుగుతారు. దోషం చాలాసార్లు ఇంజనులో ఉండదు. బ్రేకు వేసి వదిలాక కూడా చక్రాన్ని వదలని పిస్టన్‌లో ఉంటుంది.

పోయేది పెట్రోలు ఒక్కటే అయితే కొన్నాళ్ళు ఓర్చుకోవచ్చు. కాని ప్యాడ్లు అదేపనిగా డిస్కును రాస్తూ ఉంటే డిస్కు కాగిపోతుంది. ఆ వేడి పిస్టన్ ద్వారా బ్రేకు ఆయిలుకు పాకుతుంది. ఆయిలు మరిగి ఆవిరి బుడగలు పుడితే లీవరు మెత్తబడి హ్యాండిలుదాకా వచ్చేస్తుంది, బ్రేకు పడదు. కొన్ని బళ్ళలో ఇంకోలా జరుగుతుంది. వేడికి ఆయిలు వ్యాకోచించి ప్యాడ్లను మరింత బిగిస్తుంది. ముందు చక్రం నడుస్తూ నడుస్తూ బిగుసుకుంటే బండి మీద ఉన్నవాడు నిలదొక్కుకోవడం కష్టం. వెనక భార్యో, పిల్లలో, పాల క్యాన్లో ఉంటే చెప్పనక్కరలేదు.

వేలెడంత రబ్బరు చేసే పని

రాజ్‌దూత్, యెజ్డీ బళ్ళ కాలంలో రెండు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. వాటిలో బ్రేకు వదలగానే లైనర్లను వెనక్కి లాగడానికి స్ప్రింగులు ఉంటాయి. డిస్కు బ్రేకులో పిస్టన్‌ను లాగే స్ప్రింగు లేదు. పిస్టన్ చుట్టూ నలుచదరపు అంచు గల రబ్బరు రింగు ఒకటి ఉంటుంది. లీవరు నొక్కగానే ఆయిలు పిస్టన్‌ను తోస్తుంది, పిస్టన్‌తోపాటు రింగు కొద్దిగా వంగుతుంది. లీవరు వదిలితే రింగు మళ్ళీ నిటారుగా నిలిచి పిస్టన్‌ను వెనక్కి తెస్తుంది. అది వెనక్కి వచ్చే దూరం వెంట్రుకవాసి. ఆ మాత్రం ఖాళీ చాలు, చక్రం తిరుగుతుంది. పిస్టన్ మీద మట్టి, తుప్పు పేరుకుంటే అంత చిన్న రబ్బరుకు దాన్ని లాగే శక్తి చాలదు.

కొత్త ప్యాడ్లు వేయించిన మర్నాటి నుంచే చక్రం పట్టేస్తోందని, మెకానిక్కు నాసిరకం సరుకు వేశాడని కొందరు తగవు పడుతుంటారు. పాపం, తప్పు ప్యాడ్లది కాకపోవచ్చు. ప్యాడ్లు అరిగేకొద్దీ పిస్టన్ బయటికి జరుగుతుంది. బయటపడినంత మేరా మట్టి పడుతుంది. కొత్త ప్యాడ్లు మందంగా ఉంటాయి కనుక అవి పట్టాలంటే పిస్టన్‌ను లోపలికి తొయ్యాలి. శుభ్రం చేయకుండా స్క్రూడ్రైవరుతో తోసేస్తే ఆ మట్టి అంతా రబ్బరు రింగులోకి దిగబడుతుంది. అప్పటి నుంచి మొరాయింపు మొదలు.

తేల్చుకోవడం ఎలా?

బండిని సెంటర్ స్టాండు మీద నిలిపి, వెనక ఒకరు బరువు వేస్తే ముందు చక్రం లేస్తుంది. చేత్తో తిప్పి చూడాలి. సన్నగా రాసుకునే చప్పుడు సహజమే. బ్రేకు ఒకసారి గట్టిగా నొక్కి వదిలాక తిప్పితే చక్రం వెంటనే ఆగిపోతుంటే లోపం ఉన్నట్టే. పెద్దగా బ్రేకు వాడకుండా రెండు మైళ్ళు వెళ్ళి వచ్చాక డిస్కు మీద ఒక్క నీటి చుక్క చిలకరిస్తే చుయ్యిమన్నా అదే అర్థం. వేలు పెట్టి చూడరాదు, కాలుతుంది. కాగిన డిస్కు మీద బిందెడు నీళ్ళు కుమ్మరించనూ కూడదు, వంకర తిరగవచ్చు.

విప్పేముందు ఇంకొకటి చూడాలి. కాలిపర్ మీద చిన్న రబ్బరు టోపీ కింద నిప్పిల్ ఉంటుంది. చక్రం బిగిసి ఉన్నప్పుడు దానికి గుడ్డ చుట్టి, పావు తిప్పు వదులు చేసి మళ్ళీ బిగించాలి. ఆయిలు కాస్త చిమ్మి చక్రం వెంటనే వదులైతే పిస్టన్‌ను అనుమానించనక్కరలేదు. లోపం పైన లీవరు దగ్గరి సిలిండరులోనో, గొట్టంలోనో ఉంది. అది షెడ్డు పని. చక్రం అలాగే బిగిసి ఉంటే పిస్టన్, లేదా కాలిపర్ జారే పిన్నులు. నిప్పిల్ వదులుగా ఉన్నంతసేపూ లీవరు ముట్టుకోరాదు. గాలి చొరబడుతుంది.

ఓపిక ఉన్నవారికి ఇంటి పనే

సరిపడే స్పానర్లు, పాత టూత్‌బ్రష్షు, సబ్బునీళ్ళు, శుభ్రమైన నూలుగుడ్డ, చెక్క ముక్క, సీలు తీయని బ్రేకు ఆయిలు డబ్బా కావాలి. ప్యాడ్లను పట్టి ఉంచే పిన్నును కాలిపర్ బండి మీద ఉండగానే కొద్దిగా వదులు చేసుకుంటే తర్వాత తిప్పలు ఉండవు. ఫోర్కుకు ఉన్న రెండు బోల్టులు తీసి కాలిపర్‌ను పురికొసతో హ్యాండిలుకు కట్టాలి. గొట్టం మీద వేలాడదీస్తే గొట్టం లోపల తెగుతుంది. ఏబీఎస్ ఉన్న బండి అయితే చక్రం దగ్గరి సెన్సారు తీగను లాగకుండా చూసుకోవాలి. ఏ ప్యాడు ఏ వైపుదో గుర్తు పెట్టుకోవాలి. ఒకటి బాగా అరిగి రెండోది కొత్తగా ఉంటే జారే పిన్నులు తుప్పుపట్టాయేమో చూడాలి. ప్యాడ్ల పొడిని నోటితో ఊదకూడదు, ఊపిరితిత్తులకు చేటు. సబ్బునీళ్ళతో తడిపి కడగడమే మేలు.

ఇక్కడి నుంచే అసలు పని. ప్యాడ్లు ఉండే చోట చెక్క ముక్క పెట్టి లీవరును మెల్లగా నొక్కితే పిస్టన్ బయటికి జరుగుతుంది. అయిదారు మిల్లీమీటర్లు వస్తే చాలు. చెక్క లేకుండా నొక్కుతూ పోతే పిస్టన్ ఊడి ఆయిలంతా నేలపాలవుతుంది. రెండు పిస్టన్లు ఉంటే ఒకటే కదులుతుంది, రెండోది మొండికేస్తుంది. కదిలేదాన్ని చెక్కతో అదిమి పట్టుకుంటే మొండిది దారికి వస్తుంది. కంప్రెసరు గాలితో పిస్టన్ ఎగరగొట్టే అలవాటు కొన్నిచోట్ల ఉంది. అది తుపాకి గుండులా వచ్చి వేళ్ళు చితక్కొడుతుంది. ఇంట్లో ఆ జోలికి పోవద్దు.

బయటపడిన భాగాన్ని బ్రష్షుతో, బ్రేకు ఆయిలుతో రుద్దాలి. వెనక వైపు చెయ్యి దూరదు. నూలుగుడ్డను పేలికగా చింపి, ఆయిలులో తడిపి, పిస్టన్ వెనకనుంచి చుట్టి, కవ్వం తాడు లాగినట్టు ఇటూ అటూ లాగితే అక్కడి మురికీ వస్తుంది. గరుకు కాగితం, పట్టకారు వాడితే గీతలు పడి ఆయిలు కారుతుంది. మెరిసేలా తుడిచాక కొత్త ఆయిలు పలచగా రాసి బొటనవేళ్ళతో లోపలికి నొక్కాలి. పైన ఆయిలు డబ్బీ మూత ముందే తీసి ఉంచాలి, మట్టం పెరిగి పొంగుతుంది. పొంగినది పెట్రోలు ట్యాంకు మీద పడితే రంగు లేచిపోతుంది. వెంటనే నీళ్ళతో కడగాలి. ఇలా బయటికి, లోపలికి మూడు నాలుగుసార్లు చేస్తే పిస్టన్ వేళ్ళతోనే జారుతుంది. అంత చేసినా కదలకపోయినా, పిస్టన్ మీద గుంటలు కనిపించినా, చుట్టూ ఆయిలు చెమ్మ ఉన్నా రబ్బరు రింగులు, అవసరమైతే పిస్టన్ మార్చవలసిందే. గాలి తీయడం కూడా వస్తుంది కనుక అనుభవం ఉన్న మెకానిక్కుకు అప్పగించడం మంచిది.

పేరుకే ఆయిలు

ఊళ్ళలో జరిగే పెద్ద పొరపాటు ఇది. అందరూ ఆయిలు అంటారు కనుక డబ్బీలో మట్టం తగ్గితే ఇంజను ఆయిలు పోస్తారు. పిస్టన్ బిగిస్తే కిరసనాయిలుతో కడుగుతారు, గ్రీజు పూస్తారు. బ్రేకు ఆయిలు నిజానికి నూనె కాదు, గ్లైకాల్ జాతి రసాయనం. కాలిపర్‌లోని రబ్బరు దానికి తగినట్టు చేసినది. పెట్రోలు, కిరసనాయిలు, ఇంజను ఆయిలు తగిలితే ఆ రబ్బరు ఉబ్బిపోతుంది. రెండు రోజులు బాగున్నట్టే ఉండి చక్రం మునుపటికంటే గట్టిగా పట్టేస్తుంది. జారే పిన్నులకు కూడా రబ్బరుకు హాని చేయని సిలికాన్ గ్రీజే వాడాలి.

వానాకాలంలో ఉప్పు చెమ్మగిల్లినట్టు ఈ ఆయిలు గాలిలోని తేమను పీలుస్తుంది. కొత్త డాట్ 4 ఆయిలు 230 డిగ్రీల సెల్సియస్ దాటితే కాని మరగకూడదన్నది ప్రమాణం. తేమ పట్టాక ఆ ప్రమాణం 155 డిగ్రీలకు దిగుతుంది. తేమ పిస్టన్‌కు లోపలినుంచి తుప్పు కూడా పట్టిస్తుంది. అందుకే మార్చుకోవడానికి సాధారణంగా రెండేళ్ళు గడువు పెడతారు. డాట్ 3 కావాలో డాట్ 4 కావాలో డబ్బీ మూత మీదే రాసి ఉంటుంది. మూత తీసి ఏడాది కిందట అటక మీద పెట్టిన డబ్బాలోది పోయరాదు.

బిగించేటప్పుడు డిస్కు మీద, ప్యాడ్ల మీద తడి ఉండకూడదు. ఆయిలు పీల్చిన ప్యాడు పారేయవలసిందే. బోల్టులు గట్టిగా బిగించి, డబ్బీ మట్టం సరిచేసి, మూత పెట్టాక కిక్కు కొట్టడానికి తొందరపడవద్దు. పిస్టన్ లోపలికి పోయి ఉంటుంది కనుక మొదట లీవరు ఖాళీగా హ్యాండిలుదాకా వస్తుంది. అలాగే బయల్దేరితే మొదటి మలుపులో బ్రేకు ఉండదు. నిలబెట్టిన బండి మీదే లీవరు గట్టిపడేదాకా నొక్కుతూ ఉండాలి. తర్వాత చక్రం లేపి తిప్పి, బ్రేకు వేసి, వదిలి, మళ్ళీ తిప్పి చూడాలి. ఇంటి ముందు సందులో నడక వేగంతో నాలుగుసార్లు ఆపి చూశాకనే రోడ్డెక్కాలి.