నేల యెరిగి చక్రము వేయుట



రేగడినేలపై వాన కురిసిన మరునాడు బండి కట్టుట ఎంత కష్టమో పల్నాటి రైతులకు వేరుగ చెప్పనక్కరలేదు. చక్రమునకు మన్ను చుట్టుకొనును. ఎడ్ల డెక్కలకు పట్టు దొరకదు. మంచు కురియు దేశములలోను చక్రమునకు ఈ రెండు చిక్కులే కలవు. మనవారి మనుమలు అనేకులు నేడు అట్టి దేశములలో పెరుగుచున్నారు. అచ్చట మంచుపై అతివేగముగ నడపెడి చిన్న విద్యుత్కారును గూర్చియు, దాని పళ్లచక్రముల లెక్కను గూర్చియు నేడు విన్నవించెదను.

ఇది మూరెడు పొడవుగల కారు. నడపువాడు దూరమున నిలిచి రేడియో తరంగములతో దీనిని త్రిప్పును. నికోలా టెస్లా 1898లో న్యూయార్కు నగరమున ఒక చిన్న పడవను ఇట్లే నడిపి చూపెను. పాత మోటారులలో బొగ్గు బ్రష్షులు తిరుగుడు భాగమును ఒరసికొనుచు విద్యుత్తు నందించును. అందుచే అవి అరిగిపోవును. బ్రష్షులు లేని మోటారులో రాగితీగ చుట్టలు కదలక యుండును, అయస్కాంతము తిరుగును. ఏ చుట్టకు ఎప్పుడు విద్యుత్తు పంపవలెనో ఒక కంట్రోలరు నిర్ణయించును. కావున ఒరపిడి తక్కువ, వేగ మెక్కువ.

ఇక లెక్క చూతము. మోటారు నిమిషమునకు 30,000 చుట్లు తిరుగుననుకొందము. దాని యిరుసుపై 16 పళ్ల చిన్నచక్ర మున్నపుడు, మోటారు 10 చుట్లకు బండిచక్రము ఒక చుట్టు తిరుగునట్లు అమర్చిరనుకొందము. బండిచక్రపు చుట్టుకొలత 30 సెంటీమీటర్లైనచో, వేగము గంటకు 54 కిలోమీటర్లు. 16 పళ్లకు మారుగ 20 పళ్ల చక్రమును వేసినచో, మోటారు 8 చుట్లకే బండిచక్రము ఒకమారు తిరుగును. కాగితముపై వేగము 67 కిలోమీటర్లు దాటును.

ఈ లాభము ఊరక రాదు. అదే బరువును లాగుటకు మోటారు నాల్గవ వంతు అధికముగ శ్రమపడవలెను; విద్యుత్తును అంత యెక్కువగ పీల్చును. తీగలలో పుట్టు వేడిమి విద్యుత్తు వర్గమును బట్టి పెరుగును గనుక, ఒకటింబావు రెట్ల విద్యుత్తునకు వేడి ఒకటిన్నర రెట్లను మించును. మెత్తని మంచులో చక్రము దిగబడినచో శ్రమ మరింత హెచ్చును. అప్పుడు పెద్దచక్రము వేగము నీయకపోగా, తీగల పూత కాలును, అయస్కాంతము బలము కోల్పోవును. కావున మెత్తని మంచునకు తక్కువ పళ్ల చక్రమే తగినది.

గట్టిపడిన మంచుపై చిక్కు వేరు. ఎండిన తారురోడ్డుపై దొరకు పట్టులో సుమారు మూడవ వంతో, నాల్గవ వంతో అచ్చట దొరకును. నాలుగు చక్రములును లాగినను, 54 కిలోమీటర్ల వేగ మందుకొనుటకు 50 మీటర్లకు పైగా నేల కావలెను. ఆగుటకు మరల అంతయే కావలెను. తొందరపడి విద్యుత్తు నిచ్చినచో చక్రము ఉన్నచోటనే గిరగిర తిరుగును. మేకులుగల టైర్లు వేసి, మెల్లగా వేగము పెంచవలెను. పరుగు చివర మనుష్యులెవ్వరును నిలువరాదు.

మొదట చిన్నచక్రముతో ఒక పరుగు తీసి, మోటారు వేడిని పరీక్షించి, చల్లగానున్నచో ఒక్కొక్క పన్నుగ పెంచుట బుద్ధిమంతుల పద్ధతి. చలిలో లిథియం బ్యాటరీ శక్తి తగ్గును. నీరు గడ్డకట్టు చలిలో దానికి చార్జి పెట్టుట హానికరము. ఇంటిలోనికి తెచ్చి, వెచ్చబడిన పిదపనే పెట్టవలెను.

ఈ లెక్క ఆటవస్తువునకే చెల్లునది కాదు. సాగరుకాలువ క్రింద దమ్ముచేయు ట్రాక్టరునకు ఇనుపచక్రములు తొడిగి, తక్కువ గేరులో నడుపుట ఇందులకే. బ్యాటరీ ఆటోను అప్పుచేసి కొనువాడు దాని యత్యధిక వేగమును మాత్రమే అడిగి రాక, నిండుబరువుతో బురదబాటలో, ఎత్తుపై ఎట్లు లాగునో నడిపించి చూడవలెను. మోటారు కాలినచో ఆనాటి కూలియు పోవును, వాయిదాయు నిలుచును. బండి బలము ఎంతయున్నను, దానిని పరుగుగ మార్చునది నేల. నేలను చూచి చక్రమును ఎంచుకొనుట మన పెద్దలకు తెలిసిన నీతియే. పిల్లలకును దానిని బోధింపుడు.