మీకు తెలుసా? ఇసుకరాయి దాచుకున్న చమురు

• భూమి లోపల చమురు చెరువులా నిలిచి ఉండదు. తడి ఇసుకలో నీళ్లు దాగినట్టు, రాతిలోని ఇసుకరేణువుల సందుల్లో ఇమిడి ఉంటుంది. బావి తవ్విన కొత్తలో లోపలి ఒత్తిడే దాన్ని పైకి తోస్తుంది. ఆ ఒత్తిడి తగ్గాక నీళ్లు పంపి తోస్తారు. అప్పటికీ చాలాచోట్ల సగానికి పైగా చమురు రాతిలోనే ఉండిపోతుంది. మిగిలిన ఆ చమురును ఎలా రాబట్టాలో తేల్చేది, నా దృష్టిలో, రసాయన శాస్త్రం కన్నా ముందు ఆ రాయి పుట్టుకే.

• రాజస్థాన్‌లోని బార్మేర్ దగ్గర 2004లో బయటపడ్డ మంగళ చమురు క్షేత్రాన్నే చూడండి. అక్కడి ఫతేగఢ్ ఇసుకరాయి ఎప్పుడో నదులు మోసుకొచ్చి పరిచింది. ద్రవాలు చాలా సులువుగా పారే రాయి అది. చమురు మాత్రం మైనం నిండినది, నీటికన్నా చిక్కనిది. పలుచని నీళ్లు పంపితే చమురును వెనకే వదిలేసి, సందులు వెతుక్కుంటూ ముందుగా బావిలోకి వచ్చేస్తాయి. అందుకే నీటిలో పాలిమర్ కలిపి గంజిలా చిక్కబరిచి పంపుతారు. 2014లో ఈ పని అక్కడ పెద్ద ఎత్తున మొదలైంది.

• నది పరిచిన రాయి అంతా ఒకేలా ఉండదు. గోదావరి లంకల్లో గుంట తవ్విన రైతుకు ఇది చెప్పక్కర్లేదు: ఒకచోట ఇసుక, పక్కనే ఒండ్రు. పాయ అడుగున ముతక ఇసుక, పైకి వచ్చేకొద్దీ సన్న ఇసుక పేరుకుంటాయి. కోట్ల ఏళ్ల తర్వాత రాయిగా మారినా ఆ వరస చెదరదు. పంపిన నీళ్లు అడుగున ఉన్న ముతక పొరలోంచి పరుగెత్తిపోతాయి, పై పొరల్లోని చమురు కదలదు. మధ్యలో బంకమట్టి పొర అడ్డుపడితే, పక్కపక్కనే ఉన్న రెండు బావుల మధ్య కూడా దారి ఉండకపోవచ్చు.

• ఆ బంకమట్టి రాతి సందుల్లో కొద్దిగా ఉన్నా చాలు. మంచినీళ్లు తగిలితే కొన్ని రకాలు ఉబ్బి దారులు మూసేస్తాయి. చమురును రాతి నుంచి విడదీయడానికి పంపే సబ్బులాంటి రసాయనాన్నీ పీల్చేసుకుంటాయి.

• చైనాలోని దాచింగ్ క్షేత్రం 1959లో దొరికింది. సరస్సులోకి దిగిన పురాతన డెల్టాల ఇసుకరాయి అది. అక్కడా పాలిమరే పంపారు. రాతిలోని నీటిలో ఉప్పు ఎక్కువైతే పాలిమర్ చిక్కదనం పోతుంది, వేడి మరీ పెరిగితే పాలిమరే పాడవుతుంది. దాచింగ్ రాతిలోని నీటికి ఉప్పు తక్కువ, వేడి సుమారు 45 డిగ్రీలే. 1990లలో పాలిమర్ అక్కడ భారీ స్థాయిలో నిలదొక్కుకోవడానికి ఇది పెద్ద కారణం.

• రాతిలో ద్రవం ఎంత సులువుగా పారుతుందో కొలిచే ప్రమాణం ‘డార్సీ’. ఆ పేరు హెన్రీ డార్సీది. ఆయన చమురు మనిషి కాదు, ఫ్రాన్స్‌లోని డిజాన్ ఊరికి మంచినీళ్లు తెచ్చిన ఇంజనీరు. ఇసుక గుండా నీళ్లు పారించి చేసిన ప్రయోగాల వివరాలను 1856లో అచ్చువేశాడు.