పదివేల అడుగుల లెక్క ఎక్కడిది?

కొత్త సంవత్సరం రాగానే చాలామంది పెట్టుకునే లక్ష్యం రోజుకు పదివేల అడుగులు. డాక్టరు చీటీ మీద రాసిచ్చినంత నమ్మకంగా పెట్టుకుంటారు. ఆ అంకె పుట్టింది మాత్రం ప్రయోగశాలలో కాదు, బజారులో. 1964 టోక్యో ఒలింపిక్స్ తర్వాత జపాన్‌లో వ్యాయామం మీద మోజు పెరిగింది. అదను చూసి 1965లో యమాసా అనే కంపెనీ, నడుముకు తగిలించుకుంటే అడుగులు లెక్కపెట్టే పరికరాన్ని ‘పదివేల అడుగుల మీటరు’ అన్న పేరుతో అమ్మకానికి పెట్టింది. పేరులోని అంకె లోకమంతా పాకింది.

అంత నడిస్తే మంచిదే. నడవలేకపోతే దండగ అనుకోవడమే పొరపాటు. 2019లో వెలువడిన ఒక అధ్యయనంలో హార్వర్డ్ పరిశోధకురాలు ఐ-మిన్ లీ బృందం 16,741 మంది అమెరికన్ మహిళల అడుగులు కొలిచి, ఆ తర్వాత నాలుగేళ్లకు పైగా వాళ్లను గమనించింది. వాళ్ల సగటు వయసు 72. రోజుకు 2,700 అడుగులు వేసేవారితో పోలిస్తే 4,400 వేసేవారిలో మరణాలు 41 శాతం తక్కువ. లాభం 7,500 దాకా పెరిగి ఆపైన ఆగిపోయింది. ఇది పెద్ద వయసు ఆడవాళ్ల లెక్క, పాతికేళ్ల కుర్రాడికి ఉన్నదున్నట్టు అతకదు. ఆరోగ్యం బాగున్నవాళ్లే ఎక్కువ నడుస్తారేమో అన్న అనుమానమూ పూర్తిగా పోదు. అయినా బొత్తిగా నడవని మనిషి వేసే అదనపు అడుగులకే ఫలితం ఎక్కువని తెలుస్తోంది.

ఇక నిలబెట్టుకోవడం సంగతి. 2002లో వెలువడిన ఒక అధ్యయనం కోసం బ్రిటన్‌లో విద్యార్థులను మూడు జట్లు చేశారు. ఒక జట్టును ఊరికే వదిలేశారు. రెండో జట్టుకు గుండెజబ్బుల గురించి చదివించారు. మూడో జట్టు అదీ చదివి, వచ్చే వారం ఏ రోజు, ఎన్నింటికి, ఎక్కడ వ్యాయామం చేస్తారో కాగితం మీద రాసింది. ఆ వారం వ్యాయామం చేసినవాళ్లు మొదటి జట్టులో 38 శాతం, రెండో జట్టులో 35, మూడో జట్టులో 91. భయపెట్టడం వల్ల ఒరిగింది ఏమీ లేదన్నమాట! ఒక్క వారం ప్రయోగమే అనుకోండి, ఏడాదంతా అలాగే సాగుతుందని హామీ లేదు.

ఏ అలవాటైనా 21 రోజుల్లో పట్టుబడుతుందన్న మాటకు కూడా ఆధారం లేదు. లండన్‌లో ఫిలిపా లాలీ బృందం 96 మందిని పరిశీలిస్తే, కొందరికి 18 రోజులే పడుతుందని, కొందరికి 254 దాకా పట్టవచ్చని లెక్క తేలింది. మధ్యస్థం 66. మధ్యలో ఒక రోజు తప్పితే పెద్ద తేడా రాలేదు. జనవరి ఒకటిన మొదలుపెట్టినవాళ్లకు రెండు వారాలకే సంక్రాంతి, ఊరి ప్రయాణం, అరిసెలు. ఆ నాలుగు రోజులకే వ్రతం చెడిందని మానుకోనక్కర్లేదు.

శరీరమూ తొందరగా కబురు చెప్పదు. బరువులెత్తడం మొదలుపెట్టిన తొలి వారాల్లో పెరిగే బలం ఎక్కువగా నరాల చలవ. ఉన్న కండరాలనే మెదడు మరింత సమర్థంగా పనిచేయిస్తుంది. కండ పెరిగినట్టు అద్దంలో కనపడాలంటే సాధారణంగా నెలలు కావాలి. తిండి మారకుండా నడక ఒక్కదానితో బరువూ పెద్దగా తగ్గదు. అందుకే మొదటి రెండు నెలలు తూకం యంత్రాన్ని నమ్ముకోవడం కన్నా, రోజూ ఎక్కే మెట్లే ఎక్కి, ఆయాసం ఎంతసేపట్లో సర్దుకుంటోందో వారానికోసారి చూసుకోవడం నయం.