వరదను రోజుల్లో కొలిస్తే

భద్రాచలం దగ్గర గోదావరిని అడుగుల్లో కొలుస్తాం. 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో 75.6 అడుగులకు చేరిన నది, 2022 జూలైలో 71.3 దాకా వచ్చింది. ఊళ్లు ఖాళీ చేయించడానికి ఈ కొలత చాలు. ఒడ్డు అడవిలో ఆకుచెత్త కింద బతికే వానపాముకు, రోకలిబండకు, జెర్రికి మాత్రం నీరు ఎన్నాళ్లు నిలిచిందన్నదే చావుబతుకుల లెక్క. వానపాము ఒంటి చర్మంతోనే ఊపిరి పీలుస్తుంది కాబట్టి, నీటిలో ప్రాణవాయువు కరిగి ఉన్నంతకాలం మునిగినా చావదు. కాకపోతే ప్రాణవాయువు గాలిలోకన్నా నీటిలో దాదాపు పదివేల రెట్లు నెమ్మదిగా వ్యాపిస్తుంది. మట్టి సందులన్నీ నీటితో నిండాక, లోపల మిగిలిన కాస్తనూ ఆకులను కుళ్లబెట్టే సూక్ష్మజీవులు వాడేసుకుంటాయి. పైనుంచి కొత్తది దిగడానికి దారి ఉండదు.

అమెజాన్ ఏటి ఒడ్డు అడవుల్లో నెలల తరబడి నీళ్లుంటాయి, అక్కడి పురుగులు బతకడం లేదా అని అడగవచ్చు. బతుకుతున్నాయి. జర్మన్ శాస్త్రవేత్త యోఆఖిమ్ ఆడిస్ బ్రెజిల్‌లోని మనౌస్ పరిసరాల్లో ఏళ్ల తరబడి ఇదే గమనించారు. కొన్ని జీవులు నీరు రాకముందే చెట్ల మానులు ఎక్కేస్తాయి. ఒక జాతి రోకలిబండ పిల్లలైతే ఒంటిని అంటుకున్న పలుచని గాలిపొరతో నీటి అడుగునే నెలలు గడుపుతాయి. అయితే ఆ వరద ఏటా అదే కాలానికి, మెల్లగా వస్తుంది. మన గోదావరి అలా కాదు. ఎగువన ఇంద్రావతి, ప్రాణహిత ఒక్కసారి పొంగితే ఒకటి రెండు రోజుల్లోనే ముంచేస్తుంది, కొన్నాళ్లకే తగ్గిపోతుంది. ఏ ఏడు ఎంత వస్తుందో తెలియని వరదకు క్యాలెండరు పనికిరాదు. ఇక్కడ పనికొచ్చేది ఎప్పుడూ ఒంటిమీదే ఉండే రక్షణ: ఆకుచెత్తలో గంతులేసే సన్నని పురుగులకు తడి అంటని మైనపు చర్మం, వానపాము గుడ్లకు గట్టి తిత్తి.

చచ్చినవి చావనీ, గట్టుమీది అడవినుంచి కొత్తవి దిగుతాయి కదా అనేది మరో వాదన. చీమలకు అది చెల్లుతుంది, వాటి కొత్త రాణులు రెక్కలతో వస్తాయి. వానపాముల గుంపు మాత్రం కొత్త నేలలోకి ఏడాదికి కొన్ని మీటర్లకు మించి విస్తరించదు. పోయినవి తిరిగి రావడానికి ఏళ్లు పడతాయి కనుక నీరు నిలిచే చోటే అసలు భయం. అందుకే నాకు పెద్ద ఏటి ఒడ్డుకన్నా కిన్నెరసాని, తాలిపేరు లాంటి ఉపనదుల చివరి మైళ్లు ఎక్కువ ప్రమాదంగా తోస్తాయి. గోదావరి నిండుగా ఉన్నప్పుడు వాటి నీరు కలవలేక వెనక్కి తన్ని, పారకుండా నిలిచిపోతుంది. పారే నీరు ప్రాణవాయువును మోసుకొస్తుంది. నిలిచిన నీటిలో ఉన్నది కూడా అయిపోతుంది. దిగువన పోలవరం ఆనకట్ట వెనుక నిలిచే నీటి మీద వాదనలు ఎక్కువగా ఎత్తు చుట్టూనే తిరుగుతున్నాయి. నీరు ఏ పల్లంలో ఎన్ని రోజులు నిలుస్తుందన్న లెక్క కూడా ఆ పక్కనే ఉండాలి.