దారి తప్పడం కూడా ఒక లక్షణమే

"అమ్మకు నిన్నటి మాట ఈరోజు గుర్తుండడం లేదు సిస్టర్, వయసు మీద పడింది కదా" అని ఓ.పి.లో చాలామంది చెబుతుంటారు. తెలిసిన వీధిలోనే అమ్మ దారి తప్పిన సంగతి మాత్రం మేము అడిగితే గాని చెప్పరు. కొందరు నామోషీగా భావించి దాచిపెడతారు. నిజానికి డాక్టరుగారికి ముందు చెప్పవలసింది అదే.

అల్జీమర్స్ వ్యాధిలో మెదడులో మొట్టమొదట దెబ్బతినే భాగాల్లో ఎంటోరైనల్ కార్టెక్స్ ఒకటి. మనం ఎటు తిరిగాం, ఎంత దూరం నడిచాం అనే లెక్క కట్టే కణాలు అక్కడే ఉంటాయి. ఈ కణాలను ఎలుకల మెదడులో కనుగొన్నందుకు నార్వేకు చెందిన మే-బ్రిట్ మోసర్, ఎడ్వర్డ్ మోసర్‌లకు, జాన్ ఓకీఫ్‌తో పాటు 2014లో నోబెల్ బహుమతి వచ్చింది.

సాధారణంగా జ్ఞాపకశక్తిని 30 మార్కుల ప్రశ్నలతో పరీక్షిస్తారు. ఈరోజు తేదీ ఎంత, మూడు మాటలు చెబితే కాసేపటికి గుర్తున్నాయా, 100లోంచి 7 చొప్పున తీసివేయగలరా, ఇలా సాగుతుంది. కొట్టు నడిపిన ఒక పెద్దాయన ఆ తీసివేతలు మాకంటే చకచకా చెప్పేశారు. ఇంటికి వెళ్ళే దారి మాత్రం ఆయనకు తెలియలేదు. ఎన్నడూ పెన్సిలు పట్టని అవ్వలేమో జబ్బు లేకపోయినా మార్కులు పోగొట్టుకుంటారు.

ఇక్కడే వర్చువల్ రియాలిటీ ఉపయోగపడుతుంది. కళ్ళకు పెద్ద కళ్ళజోడు వంటి హెడ్‌సెట్ తొడిగితే, ఖాళీ గదిలో ఉన్నవారికి తాము ఆరుబయట మైదానంలో ఉన్నట్లే కనిపిస్తుంది. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం వారు 2019లో ప్రకటించిన పరీక్షలో మొదటి గుర్తు దగ్గరకు, తరువాత రెండవ, మూడవ గుర్తుల దగ్గరకు నిజంగానే నడిచి వెళ్ళాలి. ఆ తరువాత గుర్తులేవీ కనబడకుండానే తిరిగి మొదటి చోటికి రావాలి. ఎంత దూరం తప్పారో కంప్యూటరు కొలుస్తుంది. మతిమరుపు మొదలైన 45 మందిని, ఆరోగ్యవంతులు 41 మందిని ఇలా పరీక్షించారు. మతిమరుపు ఉన్నవారిలో, వెన్ను నీటి పరీక్షలో అల్జీమర్స్ ఆనవాళ్ళు కనిపించినవారే ఎక్కువగా దారి తప్పారు. వారిని గుర్తించడంలో కాగితం మీది పరీక్షల కంటే ఇదే మెరుగని తేలింది.

అయితే 86 మంది అంటే చిన్న సంఖ్యే. దీనితో మాత్రమే జబ్బు ఉందనీ లేదనీ తేల్చరు. కొందరికి కళ్ళు తిరిగి వాంతి వచ్చినట్లు ఉంటుంది. మూర్ఛ వ్యాధి ఉంటే ముందే చెప్పాలి. పడిపోకుండా పక్కన మనిషి ఉండాలి.

మా ఆసుపత్రిలో ఈ పరికరం లేదు. కాని దాని పని కొంత మీరు చేయగలరు. అమ్మగారో నాన్నగారో ఎక్కడ దారి తప్పారు, ఎప్పుడు, ఇంటికి ఎలా చేరారు అనేది ఒక కాగితం మీద రాసి తీసుకురండి. వారి ఎదుట నలుగురిలో చదవకండి, మాకు ఇవ్వండి. వారి కళ్ళజోడు, వాడే మాత్రలన్నీ కూడా తీసుకురండి. థైరాయిడ్ లోపం, బి12 లోపం, మానసిక కుంగుబాటు వల్ల కూడా మతిమరుపు వస్తుంది. వాటికి మందులున్నాయి కనుక ముందుగా రక్తపరీక్ష చేయిస్తారు.