సముద్రం అడుగు చూసొచ్చిన పిల్లలతో వ్యాసం రాయిస్తున్నారా?

సెలవులు అయిపోయి బడులు తెరిచాక పిల్లలు రాసే ‘నేను చూసిన ప్రదేశం’ వ్యాసాల్లో ఒకప్పుడు తిరుపతి, అరకు, ఊటీ కనిపించేవి. ఇప్పుడు అండమాన్ కూడా కనిపిస్తోంది. హైదరాబాద్ నుంచి విమానంలో వెళ్లి, స్వరాజ్ ద్వీప్ (పాత పేరు హావ్‌లాక్) దగ్గర స్కూబా డైవింగ్ చేసి వచ్చే కుటుంబాలు పెరిగాయి. ఆ అనుభవాన్ని పిల్లలు స్కూల్ మ్యాగజైన్‌కి, పత్రికల్లోని పిల్లల పేజీలకు రాసి పంపాలనుకోవడం మంచిదే. రాయడానికి ఇంతకంటే మంచి విషయం ఏముంటుంది?

అయితే డైవింగ్ గురించి రాయడం, కోటనో జలపాతాన్నో చూసి రాయడం లాంటిది కాదు. గోల్కొండ ఎన్ని మెట్లు ఎక్కామన్నది తప్పు రాసినా చదివినవారికి నష్టం లేదు. డైవింగ్ వ్యాసాన్ని మరో కుటుంబం చదివి, అలాగే చేద్దామనుకుంటుంది. ‘పొద్దున డైవింగ్ చేసి మధ్యాహ్నం ఫ్లైట్ ఎక్కేశాం’ అనే ఒక్క వాక్యం మరో పిల్లవాడి ఆరోగ్యాన్ని ప్రమాదంలో పడేయగలదు. అందుకే ఇంట్లో రాయించేటప్పుడు ఏం చూసుకోవాలో ఇక్కడ వివరిస్తున్నాం.

రాత ప్రాణాలు కాపాడిన సందర్భం

అమెరికాలోని ఫ్లోరిడాలో షెక్ ఎక్స్‌లీ అనే ఒక హైస్కూల్ లెక్కల మాస్టారు ఉండేవారు. నీటి అడుగు గుహల్లో డైవింగ్ చేయడంలో ఆయన పేరు మోసినవారు. ఆ గుహల్లో చనిపోయిన డైవర్ల ప్రమాదాలను ఆయన ఒక్కొక్కటిగా పరిశీలించి, ఎక్కడ పొరపాటు జరిగిందో 1979లో ఒక చిన్న పుస్తకంలో రాశారు. బయటి వరకూ తెగని తాడు ఉండాలి, గాలిలో మూడో వంతు మాత్రమే లోపలికి వెళ్లడానికి వాడి మిగతాది తిరుగు ప్రయాణానికి దాచుకోవాలి లాంటి నియమాలు అందులో ఉన్నాయి. గుహల్లో దిగేవారు ఇప్పటికీ వాటిని పాటిస్తున్నారు. ఆ పుస్తకం బలమంతా జరిగింది జరిగినట్టు రాయడంలోనే ఉంది. మన పిల్లలు నేర్చుకోవాల్సిందీ అదే.

ముందు లాగ్‌బుక్, తర్వాత వ్యాసం

ప్రతి డైవర్ దగ్గరా లాగ్‌బుక్ ఉంటుంది. నీటిలోంచి బయటికి రాగానే అందులో తేదీ, చోటు, ఎంత లోతుకు దిగారు, ఎన్ని నిమిషాలు ఉన్నారు, సిలిండర్‌లో గాలి మొదట ఎంత, చివర ఎంత, నీరు ఎంత దూరం వరకు తేటగా కనిపించింది, తోడుగా ఎవరున్నారు అన్నవి రాస్తారు. మీ పిల్లలు ఒక్కసారే దిగినా సరే, అదే రోజు సాయంత్రం హోటల్ గదిలో ఈ వివరాలు ఒక నోట్‌బుక్‌లో రాయించండి. తెలియనివి ఇన్‌స్ట్రక్టర్‌ని అడిగి రాయమనండి. వారం తర్వాత ఇంటికొచ్చి రాస్తే ఆరు మీటర్ల లోతు పదిహేను మీటర్లు అవుతుంది, ఒక చేప పది చేపలవుతుంది. ఇది పిల్లల తప్పు కాదు, జ్ఞాపకం గుణమే అంత.

తరచుగా దొర్లే నాలుగు తప్పులు

1. ‘ఆక్సిజన్ సిలిండర్ కట్టుకున్నాం.’ సరదా డైవింగ్‌లో సాధారణంగా వాడేది ఆక్సిజన్ సిలిండర్ కాదు. మనం పీల్చే మామూలు గాలినే బాగా నొక్కి అందులో నింపుతారు. అందులో దాదాపు 78 శాతం నైట్రోజన్, 21 శాతం ఆక్సిజన్ ఉంటాయి. ఈ నైట్రోజన్ సంగతి కింద మళ్లీ వస్తుంది.

2. ‘బాగుందని బొటనవేలు పైకి చూపించాను.’ నీటిలో బొటనవేలు పైకి చూపిస్తే ‘పైకి వెళ్దాం’ అని అర్థం. ‘బాగానే ఉన్నాను’ అని చెప్పాలంటే బొటనవేలినీ చూపుడువేలినీ గుండ్రంగా కలపాలి. ఇది తెలియక చాలామంది పిల్లలు సరదాగా బొటనవేలు చూపించి, ఇన్‌స్ట్రక్టర్ పైకి తీసుకొస్తుంటే ఎందుకో తెలియక తికమకపడతారు.

3. ‘నాలుగు అడుగుల చేప చూశాను.’ మాస్క్ అద్దం వెనక గాలి, ముందు నీరు ఉంటాయి. కాంతి వక్రీభవనం వల్ల వస్తువులు దాదాపు మూడో వంతు పెద్దగా, నాలుగో వంతు దగ్గరగా కనిపిస్తాయి. నాలుగు అడుగులుగా కనిపించిన చేప నిజానికి మూడు అడుగులే కావచ్చు. ఈ లెక్క వ్యాసంలో రాస్తే సైన్స్ టీచర్ కూడా సంతోషిస్తారు.

4. ‘అక్కడంతా నీలమే, ఎరుపు రంగే లేదు.’ ఎరుపు ఉంది, వెలుతురే లేదు. సూర్యకాంతిలోని ఎరుపును నీరు అన్నిటికంటే ముందు పీల్చేసుకుంటుంది. అందుకే కొన్ని మీటర్లు దిగేసరికి ఎర్రని వస్తువు గోధుమ రంగులో కనిపిస్తుంది. అక్కడే టార్చ్ వేస్తే ఎరుపు మళ్లీ బయటపడుతుంది.

వ్యాసంలో తప్పక ఉండాల్సిన విషయాలు

వయసు, లోతు: పాడీ వంటి అంతర్జాతీయ శిక్షణ సంస్థ నియమాల ప్రకారం 8 ఏళ్ల పిల్లలు 2 మీటర్ల లోతు వరకే దిగి చూడవచ్చు. సముద్రంలో తొలి అనుభవంగా చేసే డైవ్‌కి కనీసం 10 ఏళ్లు నిండాలి, లోతు 12 మీటర్లు దాటకూడదు. వ్యాసం రాసిన అమ్మాయి తన వయసు, తాను దిగిన లోతు రాస్తే, చదివే తల్లిదండ్రులకు తమ పిల్లల విషయంలో ఒక అంచనా దొరుకుతుంది.

ఆరోగ్యం ఫారం: దిగే ముందు ఒక ఫారం నింపిస్తారు. ఆస్తమా, మూర్ఛ, చెవి జబ్బులు, ఈమధ్య జరిగిన ఆపరేషన్ల గురించి అందులో అడుగుతారు. డబ్బు కట్టేశాం కదా అని అన్నింటికీ ‘లేదు’ అని టిక్ పెట్టేయకండి. సమస్య ఉంటే వెళ్లే ముందే డాక్టర్‌ని అడగాలి. జలుబు చేసి ఉంటే చెవి లోపలి గాలి ఒత్తిడి సర్దుకోదు, నొప్పి వస్తుంది, కర్ణభేరి దెబ్బతినే ప్రమాదం కూడా ఉంది.

ఊపిరి: డైవింగ్‌లో మొట్టమొదట నేర్పే సూత్రం, ఊపిరి బిగబట్టకూడదు. సముద్రంలో 10 మీటర్ల లోతున ఒత్తిడి ఒడ్డున ఉన్నదానికి రెట్టింపు ఉంటుంది. అక్కడ ఊదిన బెలూన్‌ని పైకి తెస్తే రెండింతలవుతుంది. ఇదే బాయిల్ నియమం. ఊపిరి బిగబట్టి పైకి వస్తే మన ఊపిరితిత్తులూ ఆ బెలూన్ లాంటివే. స్విమ్మింగ్ పూల్‌లో ఊపిరి బిగబట్టడం అలవాటైన పిల్లలకు ఈ మాట ఒకటికి రెండుసార్లు చెప్పాలి.

విమానం: లోతులో ఉన్నంతసేపూ నైట్రోజన్ రక్తంలో, కండరాల్లో కరుగుతుంది. పైకి వచ్చాక మెల్లగా బయటికి పోతుంది. గోలీ సోడా కొట్టగానే నురగ పొంగుతుంది కదా, ఒత్తిడి ఒక్కసారిగా తగ్గితే కరిగిన వాయువు అలా బుడగలవుతుంది. విమానంలో ఒత్తిడి నేల మీద కంటే తక్కువ. అందుకే ఒక్క డైవ్ తర్వాత కనీసం 12 గంటలు, ఒకటి కంటే ఎక్కువ చేస్తే కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదని డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ సూచిస్తుంది. చాలా డైవింగ్ కేంద్రాలు 24 గంటలు ఆగమంటాయి. కాబట్టి టూర్‌లో డైవింగ్‌ని చివరి రోజుకు కాకుండా మొదటి రోజుల్లోనే పెట్టుకోవాలి. వ్యాసంలో ఈ ఒక్క విషయం ఉన్నా చదివినవారికి మేలు చేసినట్టే.

పగడాలు: పగడపు దిబ్బ చూడటానికి రాయిలా ఉన్నా, అది చిన్న చిన్న జీవుల కాలనీ. చెయ్యి తగిలితేనే దెబ్బతింటుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో దిబ్బలు కట్టే పగడాలకు మొదటి షెడ్యూల్ రక్షణ ఉంది. ‘గుర్తుగా ఒక ముక్క తెచ్చుకున్నాం’ అని వ్యాసంలో రాస్తే, అది చట్టవిరుద్ధమైన పని గురించి గొప్పగా చెప్పుకోవడమే అవుతుంది.

భయపడ్డానన్న మాట కొట్టేయకండి

పిల్లల చిత్తుప్రతిలో తల్లిదండ్రులు మొదట కొట్టేసేది ‘నాకు భయమేసింది’, ‘మధ్యలోనే పైకి వచ్చేశాను’ లాంటి వాక్యాలనే. బాబు పేరు పత్రికలో వస్తుంటే పిరికివాడని అనుకుంటారేమోనని మన సందేహం. కానీ డైవర్ల మధ్య ఒక మర్యాద ఉంది. ఎవరైనా, ఎప్పుడైనా, ఏ కారణానికైనా ‘ఇక చాలు’ అని సైగ చేయవచ్చు. ఎందుకని ఎవరూ నిలదీయరు, ఎగతాళి చేయరు. భయాన్ని దాచుకుని లోతుకు వెళ్లేవారి కంటే, చెప్పి పైకి వచ్చేవారే మంచి డైవర్లు. మీ అబ్బాయి రెండు మీటర్లలోనే వెనక్కి వచ్చి ఉంటే, ఆ సంగతి అలాగే రాయనివ్వండి. అది చదివిన మరో పిల్లవాడికి, అమ్మానాన్న డబ్బు కట్టినా తాను వద్దనవచ్చని ధైర్యం వస్తుంది.

పత్రికకు పంపే ముందు

• మాటలు పిల్లలవే ఉండనివ్వండి. అక్షర దోషాలు మాత్రం సరిచేయండి.
• అంకెలన్నీ లాగ్‌బుక్‌తో సరిచూడమనండి.
• ఫొటోలో వేరే పిల్లలు ఉంటే వాళ్ల తల్లిదండ్రుల అనుమతి తీసుకోండి. ఇన్‌స్ట్రక్టర్ తీసిన ఫొటో అయితే ఆ విషయం రాయండి.
• చూడనిది చూసినట్టు రాయవద్దని చెప్పండి. తాబేలు కనపడకపోతే ‘కనపడలేదు’ అనే రాయాలి.
• ఒకే వ్యాసాన్ని ఒకేసారి రెండు చోట్లకు పంపకండి.
• ‘నాలాగా మొదటిసారి వెళ్లేవారు ఇది తెలుసుకోవాలి’ అంటూ చివర మూడు వాక్యాలు రాయించండి. మిగతా వ్యాసం మరిచిపోయినా, చదివినవారు ఈ మూడూ గుర్తుపెట్టుకుంటారు.